గడ్డకట్టిన థేమ్స్ మీద సంత: పెయింటింగ్ డైరీ

నవంబరు మొదట్లో

బోర్డు రెడీ. 60 × 90 సెంటీమీటర్ల ప్లైవుడ్, అంచులు కూడా వదలకుండా సైజు (జిగురు పూత) పట్టించి, ముందు వైపు పల్చగా గెస్సో అనే తెల్లటి అడుగు రంగు పూతలు వేసి, పూతకీ పూతకీ మధ్య శాండ్ పేపర్‌తో రుద్ది పెట్టుకున్నాను. దీని మీద వేయబోయేది 1684 జనవరి నాటి లండన్. ఊరి మధ్యలో థేమ్స్ నది గడ్డకట్టుకుపోతే దాని మీద వీధులకు వీధులు దుకాణాలు వెలిశాయి, గుర్రబ్బగ్గీలు తిరిగాయి, జనం స్కేటింగ్ చేసుకున్నారు. ఆ చలికాలం నది దాదాపు రెండు నెలలు గడ్డగానే ఉంది. మంచు మందం 11 అంగుళాల దాకా ఉండేదని చెబుతారు.

ఆ రోజుల్లో లండన్‌లోనే ఉండి దాన్ని బొమ్మగా వేసిన చిత్రకారుడు అబ్రహం హోండియస్. రోటర్‌డామ్‌లో పుట్టిన డచ్ మనిషి, 1660ల్లో లండన్‌కి వచ్చి స్థిరపడ్డాడు. వేట కుక్కలు, జంతువుల బొమ్మలకి పేరు. గడ్డకట్టిన థేమ్స్‌ని మాత్రం రెండుసార్లు వేశాడు, 1677లో ఒకటి, 1684 సంతది ఇంకొకటి. రెండూ లండన్ మ్యూజియం దగ్గరే ఉన్నాయి. లండన్ వాల్ దగ్గరున్న వాళ్ల పాత భవనం 2022 డిసెంబరులో మూసేశారు కాబట్టి నేను స్క్రీన్ మీద పెద్దది చేసుకుని చూస్తూ పని చేస్తున్నాను.

నేను వేసేది నకలు కాదు. హోండియస్ సంత బొమ్మలో మనం దూరంగా, కాస్త ఎత్తున నిలబడి చూస్తున్నట్టుంటుంది, నదికి అడ్డంగా గుడారాల వరస, చుట్టూ చిన్నచిన్న మనుషులు. నాకు ముందు వరసలో, దగ్గరగా, ఒక పడవవాడు కావాలి. అప్పటి లండన్‌లో నది మీద ఉన్నది ఒకే ఒక్క వంతెన, అవతలి ఒడ్డుకి పోవాలన్నా ఊళ్లోనే ఈ చివర నుంచి ఆ చివరకి పోవాలన్నా పడవే దిక్కు, వేలమంది దాని మీదే బతికేవాళ్లు. నది గడ్డకట్టిన రోజే వాళ్ల సంపాదన ఆగిపోయింది. అందరికీ ఆటవిడుపు, వాళ్లకి పస్తు. అందుకే తెడ్లు, తెరచాపలు తీసుకొచ్చి వాటితోనే మంచు మీద గుడారాలు వేశారు, మద్యం అమ్మారు, పడవలకి చక్రాలు తగిలించి జనాన్ని ఎక్కించుకుని లాగారు. నేను రాజమండ్రిలో గోదావరి ఒడ్డున పెరిగినవాణ్ణి. వరద హెచ్చరిక వచ్చి పడవలు కట్టేసిన రోజుల్లో జనమంతా గట్టు మీదకి నది చూడ్డానికి వస్తే పడవవాళ్లు ఒక్కరే నీళ్లకి వీపు పెట్టి కూర్చునేవాళ్లు. ఈ సంత గురించి చదివినప్పటి నుంచి నాకు వాళ్లే గుర్తొస్తున్నారు. ఈ బొమ్మ సరదా బొమ్మే, కాదనను, కానీ ఆ సరదాని నిలబెట్టింది ఎవరో కూడా అందులో కనపడాలి.

నవంబరు, కాస్త ముందుకెళ్లాక

స్థలం చూసుకునే పని. హోండియస్ సంత బొమ్మ వేసిన చోటు టెంపుల్ రేవు, టెంపుల్ అంటే ఇక్కడ గుడి కాదు, లండన్‌లో నది ఒడ్డున ఒక పేట. ఇప్పుడు టెంపుల్ స్టేషన్ దిగి నది వైపు నడిస్తే కనిపించే రాతి గోడ, రోడ్డు, తోట, ఇవేవీ అప్పుడు లేవు, అదంతా నదే. 1860ల్లో జోసెఫ్ బేజల్‌గెట్ అనే ఇంజనీరు ఎంబాంక్‌మెంట్ (నది ఒడ్డు గట్టు) కట్టించి నదిని లోపలికి నెట్టేశాడు. ఎంత నెట్టాడో తెలియాలంటే అక్కడి నుంచి పడమటకి నడిచి యార్క్ వాటర్‌గేట్ దగ్గర నిలబడాలి. 1626 ప్రాంతంలో పడవ దిగి ఇంట్లోకి పోవడానికి కట్టుకున్న రాతి ద్వారం అది. ఇప్పుడు పార్కులో, పచ్చగడ్డి పక్కన ఉంది. అక్కడి నుంచి నీళ్లు దాదాపు 140 మీటర్ల దూరం. స్కెచ్‌బుక్‌లో ఈ కొత్త ఒడ్డుని చెరిపేసి పాత ఒడ్డు గీసుకుంటే నది ఒక్కసారిగా వెడల్పయింది, నా బొమ్మకి కావాల్సిన ఖాళీ దొరికింది.

ఇంత పెద్ద నది అసలెలా గడ్డకట్టింది అంటే, చలి ఒక్కటే కారణం కాదు. 1209లో పూర్తయిన పాత లండన్ వంతెనకి 19 స్తంభాలు, ఒక్కో స్తంభం చుట్టూ రక్షణగా పెద్ద పెద్ద దిమ్మలు. నీళ్లు పోవడానికి మిగిలినవి ఇరుకు సందులే. అది దాదాపు ఆనకట్టలాగే పనిచేసేది, పైన ప్రవాహం నెమ్మదించేది, కొట్టుకొచ్చిన మంచు పెళ్లలు ఆ సందుల్లో ఇరుక్కుని ఒకదానికొకటి అతుక్కునేవి. 1831లో కొత్త వంతెన తెరిచాక పాతదాన్ని కూల్చేశారు, తర్వాత ఎంబాంక్‌మెంట్‌తో నది ఇరుకై వేగం పెరిగింది. నది మీద చివరి సంత 1814 ఫిబ్రవరిలో జరిగింది, అప్పుడు బ్లాక్‌ఫ్రయర్స్ దగ్గర ఏనుగుని కూడా నడిపించారని చెబుతారు. 1963 చలికి ఎగువన ఆక్స్‌ఫర్డ్ దగ్గర థేమ్స్ గడ్డకట్టింది కానీ లండన్ నడిబొడ్డున మాత్రం కట్టలేదు.

ఈ లెక్కన నా బొమ్మలో దూరాన ఆ వంతెన ఉండి తీరాలి. మసగ్గానైనా సరే, అది లేకపోతే ఈ మంచే లేదు.

ఇంకో విషయం. టెంపుల్ నుంచి తూర్పుకి చూస్తే ఇప్పుడు కళ్లకి మొదట తగిలేది సెయింట్ పాల్స్ గుమ్మటం. 1684లో అది లేదు. 1666 అగ్నిప్రమాదంలో పాత చర్చి కాలిపోయింది, కొత్తది 1675లో మొదలైంది, గుమ్మటం పూర్తయ్యేసరికి 1708 వచ్చింది. కాబట్టి అక్కడ సగం లేచిన గోడలు, పరంజీలు వేస్తున్నాను. మంటల గుర్తుగా కట్టిన 62 మీటర్ల స్తంభం, మాన్యుమెంట్, 1677కే పూర్తయింది కాబట్టి అది మాత్రం సన్నగా పొగలో కనిపిస్తుంది. గుమ్మటం లేని లండన్ చూసేవాళ్లకి వెంటనే గుర్తు పట్టడం కష్టమే, అయినా నాకు ఆ ఖాళీ నచ్చింది.

డిసెంబరు, డ్రాయింగ్

హొరైజన్ ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద ప్రశ్న. మంచు మీద ఆటలు వేయడంలో అందరికంటే పేరున్న డచ్ చిత్రకారుడు హెండ్రిక్ ఆవెర్‌కాంప్ తొలి బొమ్మల్లో దాన్ని బాగా పైన పెట్టేవాడు, అందువల్ల మంచు ఎంతో దూరం పరుచుకుని ఒక్కో మనిషికీ విడివిడిగా చోటు దొరికేది. తర్వాత్తర్వాత కిందకి దింపాడు, ఆకాశం పెరిగింది, మనుషులు ఒకళ్లనొకళ్లు కప్పుకోవడం మొదలైంది. నాకు దగ్గరి మనిషీ కావాలి, దూరపు జనమూ కావాలి. పై నుంచి మూడో వంతు దగ్గర ఆపాను. గుడారాల వరస ఎడమ కింద రేవు మెట్ల దగ్గర మొదలై ఏటవాలుగా కుడివైపు, దక్షిణపు ఒడ్డుకి పోతుంది. పడవవాడు ఎడమ నుంచి మూడో వంతు చోట, మొదటి గుడారం ముందు.

గళ్లు గీసి స్కెచ్‌ని బోర్డు మీదకి ఎక్కిస్తూ మావయ్యకి వీడియో కాల్ చేశాను. ఆయన ఒకప్పుడు సినిమా బ్యానర్లు వేసేవాడు, గళ్లతో చిన్న ఫొటోని ఇరవై అడుగులకి పెంచడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కాసేపు తేరిపార చూసి, "ఒరే అబ్బాయ్, జనాన్నంతా లెక్కపెట్టుకుని గీస్తున్నావేంట్రా, జనం అంటే ముందు ఒక ముద్ద, ఆ ముద్దకి అంచులో నాలుగు తలకాయలు, రెండు చేతులు తేలితే చాలు" అన్నాడు.

"మరి దగ్గరున్నవాళ్లో మావయ్యా?"

"దగ్గరోళ్లకి కాళ్లు చూసుకో. కాలు నేలకి ఆనకపోతే మనిషి గాల్లో ఉంటాడు. అదీ మంచంటున్నావు, జారే నేల."

ఆ మాట బ్రష్ పట్టిన ప్రతిసారీ నాకు పనికొస్తోంది. మంచు గట్టిగా, బరువు మోసేలా కనిపించడం మంచు రంగులో లేదు, దాన్ని తాకే చోట్లలో ఉంది. బూటు కింద సన్నటి చీకటి గీత, బగ్గీ చక్రం ఆనిన చోట కాస్త తడి మెరుపు, గుడారం గుంజ అడుగున చెదిరిన పొడి. ఇవి ఉంటే కింద 11 అంగుళాల గడ్డ ఉందని చెప్పక్కర్లేదు.

నీడల కోసం చిన్న లెక్క వేశాను. జాన్ ఈవ్లిన్ అనే ఆయన అప్పట్లో డైరీ రాసేవాడు, సంత గురించి ఆయన అందరికంటే వివరంగా రాసింది 1684 జనవరి 24న. అది పాత క్యాలెండర్, ఇప్పటి లెక్కలో ఫిబ్రవరి 3. ఆ రోజు లండన్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 22 డిగ్రీల ఎత్తుకి మించడు. అంటే మనిషి నీడ అతని ఎత్తుకి దాదాపు రెండున్నర రెట్లు. మనం తూర్పుకి చూస్తున్నాం, ఎండ దక్షిణం నుంచి, కాబట్టి నీడలన్నీ ఎడమకి, పొడుగ్గా. ఇది తెలిశాక కాంపోజిషన్‌లో సగం సమస్యలు వాటంతటవే తీరిపోయాయి, ఎందుకంటే ఆ అడ్డ నీడలే ఖాళీ మంచుని ముక్కలుగా విడగొడుతున్నాయి.

డిసెంబరు ఆఖర్లో, రంగులు

తెల్ల గెస్సో మీద నేరుగా మంచు వేయకూడదని ముందే నిర్ణయించుకున్నాను. రా అంబర్ అనే మట్టి గోధుమ రంగులో కాస్త ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) కలిపి టర్పెంటైన్‌తో పల్చన చేసి బోర్డంతా పూసి గుడ్డతో తుడిచేశాను, లేత టీ రంగు మిగిలింది. అప్పటి డచ్ వాళ్లు చాలామంది ఇలాంటి వెచ్చటి అడుగు రంగుని అక్కడక్కడ వదిలేసేవాళ్లు, గుడారాల గోధుమ రంగులో సగం అదే.

మంచు రంగు దగ్గర ఎక్కువ రోజులు ఆగాను, ఆగడం అవసరం కూడా. 1684లో ప్రష్యన్ బ్లూ లేదు, అది 1700ల మొదట్లో బెర్లిన్‌లో పుట్టింది. ఉన్న నీలాల్లో చవకైనది స్మాల్ట్, కోబాల్ట్ కలిపిన గాజుని నూరిన పొడి, అది నూనెలో ఏళ్లు గడిచేకొద్దీ బూడిద రంగులోకి తిరిగిపోతుంది. నేను నీలం ట్యూబ్ అసలు తీయకుండా బోన్ బ్లాక్ (ఎముకల మసి నలుపు), తెలుపు మాత్రమే పెట్టుకుని చూద్దామనుకున్నాను. తెల్ల కాగితం మీద ఆ మిశ్రమం ఉత్త బూడిద రంగే. అదే బూడిదని ఆరిన అంబర్ పూత మీద ఒక గీత గీస్తే నీలంగా కనిపించింది. చుట్టూ ఉన్న వెచ్చదనమే దాన్ని చల్లగా చేస్తోంది. తెలుపు పాలు పెంచుతూ ఒక అట్టముక్క మీద మెట్లుమెట్లుగా పట్టీ వేసుకున్నాను, మధ్యలో ఉన్న మెట్టు దగ్గర నీలం అన్నిటికంటే బాగా పలికింది, మరీ తెల్లబడితే సుద్దలా అయిపోయింది. బొమ్మలో మంచు చాలావరకు ఆ మధ్య మెట్టే. స్వచ్ఛమైన తెలుపు స్కేట్ల గీతల అంచుల్లో, గడ్డల పై అంచున, ప్రింటింగ్ గుడారంలో వేలాడే కాగితాల మీద, అంతే.

తెలుపు విషయంలో ఒక మాట. అప్పటివాళ్లు వాడింది సీసం తెలుపు, అది విషం, ఇంట్లో పిల్లలున్నారు, నేను ముట్టుకోను. జింక్ తెలుపు నూనెలో కొన్నేళ్లకి పెళుసుబారుతుంది. టైటానియం బాగా చల్లన, పక్క రంగుని మింగేస్తుంది, అందుకే దాంట్లో చిటికెడు ఓకర్ కలిపి మచ్చిక చేసుకుంటున్నాను.

జనవరి, మంచు

థేమ్స్‌లో రోజుకి రెండుసార్లు సముద్రపు పోటు వస్తుంది, అందుకని ఈ మంచు డచ్ కాలువల మంచులా నున్నగా ఉండదు. పెళ్లలు పైకి లేచి, విరిగి, అడ్డంగా నిలబడి మళ్లీ అతుక్కుంటాయి. హోండియస్ 1677 బొమ్మలో ఇది చాలా బాగా కనిపిస్తుంది, జనం పెద్ద పెద్ద గడ్డల మధ్య నుంచి దారి చూసుకుంటూ తిరుగుతుంటారు. ఒడ్డు వెంబడి అయితే పగుళ్లు తప్పవు. 1814 సంతలో పడవవాళ్లు అక్కడ చెక్కలు వేసి, దాటినవాళ్ల దగ్గర డబ్బులు వసూలు చేశారు. నా బొమ్మలో రేవు మెట్ల దగ్గర ఆ గడ్డల్ని వేస్తున్నాను. పైభాగానికి లేత బూడిద, ఎండ తగలని పక్కకి బోన్ బ్లాక్‌లో కొద్దిగా అంబర్, అడుగున మాత్రం ముందు పూసిన టీ రంగు అలాగే వదిలేశాను, బురద నీళ్లు గడ్డకట్టినట్టు వచ్చింది.

నడిమంచు మీద నాకు బాగా ఇష్టమైన పని గుండ్రటి గీత. అప్పట్లో మంచులో ఒక గుంజ పాతి, దానికి తాడు కట్టి, తాడు చివర బండి లాంటి కుర్చీలో మనుషుల్ని కూర్చోబెట్టి గిరగిరా తిప్పే ఆట ఉండేది, డచ్ వాళ్ల ఆట అనేవాళ్లు. ఆ బండి తిరిగిన దారి మంచు మీద వలయంగా పడుతుంది కదా. తడి బూడిద రంగులో బ్రష్ వెనక పుల్లతో గీరాను, అడుగున వెచ్చటి రంగు బయటపడింది. గీతకి బయటి అంచున మాత్రం తెలుపు కాస్త గట్టిగా, ముద్దగా అద్దాను, చెక్కుకుపోయిన పొడి అటే ఎగిరిపడుతుంది కాబట్టి. దగ్గరకెళ్లి చూస్తే రంగు కుప్పలు, రెండడుగులు వెనక్కి జరిగితే వేగం.

స్కేటింగ్ చేసేవాళ్లని తక్కువే పెట్టాను. ఇనప స్కేట్లతో జారడం అప్పటికి లండన్‌కి కొత్తే, 1662 డిసెంబరులో సెయింట్ జేమ్స్ పార్కు కాలువ మీద హాలండ్ పద్ధతిలో జారేవాళ్లని చూసి ఈవ్లిన్ అబ్బురపడి రాసుకున్నాడు. అందుకే జారేవాడి చుట్టూ చూసేవాళ్ల గుంపు ఉంటేనే నిజంగా ఉంటుంది.

జనవరి, గుడారం

అయిదు చాప్‌స్టిక్‌లు, ఒక పాత చేతిరుమాలు, టేబుల్ ల్యాంప్ తీసుకుని మేజా మీద గుడారం కట్టాను. ల్యాంప్‌ని ఇందాకటి లెక్క ప్రకారం కిందకి వంచి పెట్టి ఫొటోలు తీసుకున్నాను. రెండు తెడ్లు ముందు కత్తెరలా, వెనక కూడా అలాగే, పైన వెన్నులా ఇంకో తెడ్డు, దాని మీద తెరచాప. తెడ్డు ఆకు పైకి రావాలి, చూడగానే ఇది ఇంటి గుంజ కాదు, పడవ తెడ్డు అని తెలియాలి. ఆకు అంచు నీళ్లలో అరిగి పలచబడి ఉంటుంది, పిడి దగ్గర చెయ్యి పట్టీ పట్టీ నల్లగా మెరుస్తుంది. ఆ నలుపు మీద వెర్మిలియన్ కలిపిన గోధుమ రంగుతో ఒక పల్చటి గ్లేజ్ (అడుగు రంగు కనిపించే పూత) వేశాను, చెక్కకి చెమట పట్టిన రంగు వచ్చింది. బొమ్మ మొత్తంలో నాకు ఇప్పటికి తృప్తిగా ఉన్నది ఈ అరచేతి వెడల్పు చోటే.

దుప్పట్లు, అతుకులు కూడా ఉన్నాయి. ఈ సంతకి దుప్పట్ల సంత అనే పేరే ఉండేది.

ఫిబ్రవరి, జనం, పొగ

రెండో గుడారంలో ప్రింటింగ్ ప్రెస్. నది మీద అచ్చు వేసిన కాగితం మీద తమ పేరు, తేదీ చూసుకోవాలని జనం ఎగబడ్డారు. పేరుకి ఆరు పెన్నీలు, ఆ ప్రెస్ వాడు రోజుకి అయిదు పౌన్లు గడించేవాడని ఈవ్లిన్ రాశాడు, అప్పటి పౌనుకి 240 పెన్నీలు, లెక్కేస్తే రోజుకి 200 పేర్లు. రెండో చార్లెస్ రాజు కుటుంబంతో వచ్చి జనవరి 31న పేర్లు అచ్చు వేయించుకున్నాడు. రాజుని నేను వేయట్లేదు. క్యూ వేశాను, చేతుల్లో నాణేలు పట్టుకున్న మామూలు మనుషుల క్యూ.

ఎద్దు మీదకి కుక్కల్ని ఉసిగొల్పే ఆట కూడా ఆ మంచు మీద జరిగింది. నాకది వేయబుద్ధి కాలేదు. కుడివైపు దూరాన వీపులు తిప్పి గుమిగూడిన గుంపు ఒకటి పెట్టాను, మధ్యలో ఏం జరుగుతోందో కనపడదు. మావయ్య చెప్పిన ముద్ద పద్ధతే, ముందు ముదురు గోధుమ మచ్చ, ఆరాక అంచున టోపీలు.

పొగ దగ్గర ఈవ్లిన్ రాతే నాకు ఆధారం. చలికి పొగ పైకి లేవలేక బొగ్గు పొగ ఊరంతా కమ్ముకుని వీధికి అటు పక్క ఇటు వాళ్లకి కనపడలేదట. చెట్లు పిడుగు పడ్డట్టు చీలిపోయాయి, ఓడలు కదల్లేకపోయాయి, పశువులు, మనుషులు చనిపోయారు, కట్టెలు, బొగ్గు ధర పెరిగిపోయి పేదల్ని బతికించడానికి చందాలు ఎత్తారు. ఇవన్నీ సంత కబుర్లు రాసిన ఆ పేజీలోనే ఉన్నాయి. కాబట్టి ఆకాశానికి నీలం లేదు. బోన్ బ్లాక్, ఓకర్, తెలుపు కలిపి పసుపుపచ్చటి మురికి బూడిద. ఆరిన తర్వాత అదే రంగుని బాగా పలచగా, దాదాపు పొడి బ్రష్‌తో వంతెన మీదకి, పరంజీల మీదకి లాగాను, అప్పుడు అవి వెనక్కి పోయాయి. నీడల అంచులు కూడా మెత్తబరిచాను, అంత పొగలో కత్తితో కోసినట్టు నీడ పడదు.

ఇప్పటికి ఎక్కడున్నాను

పడవవాడి శరీరం వచ్చేసింది, ముఖం రాలేదు. అతన్ని వ్యాపారం కోసం కేకలు వేస్తున్నట్టు పెట్టాలా, గుడారం తాడు బిగిస్తున్నట్టు పెట్టాలా అని కాగితాల మీద రెండూ గీసి గోడకి అంటించి చూశాను. ఇంట్లో పిల్లలు కేకలు వేసే వాడినే ఎంచుకున్నారు, బావున్నాడు కూడా. నేను తాడు బిగించేవాడికే ఓటేశాను. ముడి వేయడం పడవవాడికి రోజూ ఉండే పని, నది ఉన్నా లేకపోయినా ఆ చేతులకి వచ్చింది అదే. అతని వెనక చక్రాలు తగిలించిన పడవ ఒకటి, అందులో ఎక్కుతున్న ఆడవాళ్లు, వాళ్ల గౌనులో ఒక ఎర్ర ముక్క, బొమ్మలో ఎరుపు అక్కడొక్కచోటే.

మిగిలిన పనులు: పడవవాడి ముఖం, కుడి ఒడ్డున, అంటే దక్షిణాన, సదర్క్ పేట ఇళ్ల కప్పులు, బగ్గీ గుర్రాల నోటి ఆవిరి. ఈ చలికి గదిలో అవిసె నూనె పూత ఆరడానికి చాలా టైం పడుతోంది, ముఖం చోట కింద పూత వేలికి ఇంకా కాస్త అంటుతోంది, అది పూర్తిగా ఆరేదాకా దాని జోలికి వెళ్లను. కింద పూతల్లో నూనె తక్కువ, పైకి పోయేకొద్దీ ఎక్కువ అన్న నియమం ముఖం దగ్గర అసలు తప్పకూడదు, పగుళ్లు వస్తే మొదట అక్కడే కనపడతాయి. ఈలోగా సదర్క్ కప్పులు మొదలుపెడుతున్నాను. అన్నీ అయ్యాక రీటచింగ్ వార్నిష్ (తాత్కాలిక మెరుపు పూత) పల్చగా ఒకసారి, అసలు వార్నిష్‌కి కనీసం ఆరు నెలలు ఆగాలి. ఫ్రేముకి సాదా నల్ల చెక్కే చెప్పాను, బంగారు రంగు వద్దన్నాను.